పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఇంటర్వ్యూ: ఎలా సిద్ధమవ్వాలి

"అక్కా, ఉదయం ఎనిమిదిన్నరకి రమ్మన్నారు, సాయంత్రం ఐదున్నర దాకా ఉండాలని రాశారు. అంతసేపు ఏం అడుగుతారు?"

క్యాంపస్‌ల సీజన్ మొదలైతే అమలాపురం, భీమవరం, కాకినాడ పిల్లల నుంచి నాకు వచ్చే ఫోన్లలో సగం ఇవే. ప్రతి ఒక్కరికీ అరగంట చెప్పే బదులు ఒకసారి రాసి పెడితే పోతుందని ఇది రాస్తున్నాను.

ఇలాంటి రోజుల్ని నేను రెండు వైపుల నుంచీ చూశాను. మొదటిసారి అభ్యర్థిగా వెళ్లి బోల్తా కొట్టి వచ్చాను. తర్వాత కొన్నేళ్లు ఒక కంపెనీ హెచ్‌ఆర్‌లో పనిచేస్తూ, గోడ పక్కన కుర్చీ వేసుకుని కాగితం మీద ఏదో గీకే మనిషినయ్యాను. అభ్యర్థులందరూ బెదిరిపోయేది ఆ కాగితం చూసే. అందులో ఉండేది ఇంతే: ఎడమ పక్క మీ నంబరు, మీరు అన్న మాట, చేసిన పని, ఉన్నదున్నట్టు. కుడి పక్క మార్కులు. మార్కులు అప్పటికప్పుడు వేయరు, తర్వాత ఎడమ పక్క రాసుకున్నది చూసుకుంటూ వేస్తారు. అక్కడ ఖాళీగా ఉంటే కుడి పక్క వేయడానికి ఏమీ ఉండదు. మీరు మనసులో ఎంత గొప్పగా ఆలోచించారో ఆ కుర్చీలోంచి కనపడదు. కాబట్టి కింద చెప్పేదంతా ఆ ఎడమ గడిలో ఏదో ఒకటి పడేలా చేయడం గురించే.

రోజులో సాధారణంగా ఉండేవి: ఆప్టిట్యూడ్ పరీక్ష, ఆరు నుంచి పది మందిని కూర్చోబెట్టి గ్రూప్ పని, ఒకటో రెండో రాత పనులు, ఒక్కోచోట చిన్న ప్రెజెంటేషన్, చివర్లో ముఖాముఖి. ప్రైవేటు కంపెనీలే కాదు, ఎస్‌బీఐ పీఓ (ప్రొబేషనరీ ఆఫీసర్) ఇటీవలి నోటిఫికేషన్లలో కూడా మూడో దశలో గ్రూప్ ఎక్సర్‌సైజ్‌కి 20 మార్కులు, ఇంటర్వ్యూకి 30 మార్కులు ఉన్నాయి. సైన్యంలో ఆఫీసర్లని ఎంచుకునే ఎస్‌ఎస్‌బీ అయితే ఇదే తంతు ఐదు రోజులు. ఒక రోజుతో పోతున్నందుకు సంతోషించండి.

కావలసినవి

- కాల్ లెటర్, ఆధార్, మార్కుల మెమోలు, ప్రొవిజనల్: ఒరిజినల్స్ ఒక ఫైల్లో, రెండు సెట్ల జెరాక్సులు ఇంకో ఫైల్లో. ఒరిజినల్స్ చూపించండి, వదిలిపెట్టి రాకండి.
- నాలుగు పాస్‌పోర్టు ఫొటోలు
- రెండు నీలం పెన్నులు, పెన్సిల్, రాసుకునే అట్ట
- ముళ్లున్న మామూలు చేతి గడియారం. ఫోన్లు బయటే పెట్టించేస్తారు, గోడ గడియారం మీ వీపు వెనక ఉంటుంది.
- ఇస్త్రీ చేసిన చొక్కా లేదా కుర్తీ ఒకటి అదనంగా
- మంచినీళ్ల సీసా, చేతిరుమాళ్లు రెండు
- సాధనకి: ఐదుగురు స్నేహితులు, రికార్డింగ్ ఉన్న ఫోన్ ఒకటి, రెండు ఆదివారాలు

ఎవరైనా రిజిస్ట్రేషన్ ఫీజు, ట్రైనింగ్ డిపాజిట్ అని ఫోన్‌పే చేయమంటే అది ఇంటర్వ్యూ కాదు. అక్కడితో ఆపేయండి.

1. కాల్ లెటర్‌ని పెన్ను పట్టుకుని చదవండి

"గ్రూప్ డిస్కషన్" అని ఉందా, "గ్రూప్ టాస్క్" అని ఉందా? మొదటిదానిలో ఒక అంశం ఇచ్చి మాట్లాడమంటారు. రెండోదానిలో సమస్య ఇచ్చి తేల్చమంటారు. రెంటికీ సాధన వేరు. "కేస్ స్టడీ", "రిటెన్ ఎక్సర్‌సైజ్", "ఇన్‌-ట్రే" (బల్ల మీది కాగితాల కట్టని తేల్చే రాత పని) లాంటి మాటల కింద గీత పెట్టుకోండి. ఏమీ రాయకపోతే ఇచ్చిన మెయిల్‌కి రెండు లైన్లు రాసి అడగండి: ఏయే భాగాలుంటాయి, కాలిక్యులేటర్ తెచ్చుకోవచ్చా, మధ్యాహ్నం భోజనం అక్కడేనా. అడిగితే ఏమనుకుంటారో అని మనవాళ్లు మొహమాటపడతారు. ఏమీ అనుకోరు.

2. ప్రయాణం ముందే తేల్చుకోండి

కోనసీమ వాళ్లకి ఇదో పెద్ద పని. అమలాపురానికి రైలు లేదు కాబట్టి రావులపాలెం మీదుగా రాజమండ్రి వెళ్లి బండెక్కాలి, లేదా కాకినాడ వెళ్లాలి. గౌతమి ఎక్స్‌ప్రెస్‌లో రాత్రి బయల్దేరి తెల్లారి హైదరాబాద్‌లో దిగి నేరుగా వెళ్లిపోదామని చాలామంది లెక్క. మామూలు అరగంట ఇంటర్వ్యూకి అది సరిపోతుందేమో గానీ దీనికి వద్దు. సరిగా నిద్రపోని మనిషి మధ్యాహ్నం మూడింటికి రాత పనిలో దొరికిపోతాడు. ఒక రోజు ముందు చేరి చుట్టాలింట్లోనో హాస్టల్లో ఫ్రెండ్ రూమ్‌లోనో పడుకోండి.

జులై నుంచి సెప్టెంబరు మధ్య అయితే గోదావరి సంగతి కూడా చూసుకోవాలి. ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. పంట్లు (నది దాటించే పెద్ద పడవలు) మొదటి హెచ్చరిక దాకా కూడా తిరగవు, వరద పోటెత్తితే ఆపేస్తారు. సఖినేటిపల్లి–నరసాపురం రేవు నమ్ముకున్నవాళ్లు చించినాడ వంతెన మీదుగా, కోటిపల్లి–ముక్తేశ్వరం వాళ్లు ఎదుర్లంక–యానాం వంతెన మీదుగా వెళ్లడానికి ఎంతసేపు పడుతుందో ముందే చూసి పెట్టుకోండి.

3. ఆరుగురిని పోగేసి సాధన చేయండి

ఒక్కరే అద్దం ముందు చేసే సాధన గ్రూప్ పనికి అక్కరకు రాదు. ఐదుగురు మాట్లాడాలి, ఆరో మనిషి గోడ పక్కన కూర్చుని రాయాలి. విడతకొకరు ఆ కుర్చీలోకి మారండి. ఆ కుర్చీలో ఒక్కసారి కూర్చుంటే పది పుస్తకాలు చదివిన దానికన్నా ఎక్కువ తెలుస్తుంది. ఎవరు ఎంత మాట్లాడినా రాసుకోదగ్గది ఎంత తక్కువో అప్పుడే అర్థమవుతుంది. ఆదివారం బడి ఖాళీగా ఉంటుంది, హెడ్మాస్టరు గారిని అడిగితే ఒక గది ఇస్తారు. పుష్కరఘాట్ మెట్లు వద్దు. గాలి బాగుంటుంది, సాధన బజ్జీల్లోకి దిగుతుంది.

4. గ్రూప్ పని: ముందు లెక్క, తర్వాత మాట

మా సాధనలో నేనిచ్చే సమస్య ఒకటి ఇక్కడ పెడుతున్నాను. చదివి, కిందకి వెళ్లకుండా మీరేం చేస్తారో అనుకోండి.

లంక గ్రామం. నీరు పెరుగుతోంది. గట్టు మీదకి చేర్చాల్సినవాళ్లు 130 మంది. రెండు పడవలు, ఒక్కోదాంట్లో 12 మంది పడతారు. ఎక్కి దిగడంతో సహా రానూ పోనూ 40 నిమిషాలు. చీకటి పడడానికి 4 గంటలుంది. ఊళ్లో నెలలు నిండిన గర్భిణి, మంచం పట్టిన ముసలాయన, గేదెల్ని వదిలి రానని మొండికేసిన రైతు ఉన్నారు. 20 నిమిషాల్లో ప్లాన్ చెప్పండి.

తొంభై పాళ్లు ఏం జరుగుతుందంటే, మొదటి నిమిషం నుంచే "ముందు ఆడవాళ్లని, పిల్లల్ని పంపాలి", "కాదు ముసలివాళ్లని" అని మొదలవుతుంది. పన్నెండో నిమిషానికి గేదెల మీద గొడవ. ఎవరూ లెక్క వేయరు. వేస్తే నాలుగు గంటలంటే 240 నిమిషాలు, ఒక్కో పడవకి 6 ట్రిప్పులు, రెండిటికీ కలిపి 12, అంటే 144 మంది. 130 మందికి 11 ట్రిప్పులు చాలు. అందరూ దాటతారు! ఒక ట్రిప్పు మిగులుతుంది కూడా. ఇప్పుడు తేల్చాల్సింది ఎవర్ని వదిలేద్దామని కాదు. ఎవర్ని ముందు పంపాలి, మిగిలిన ఆ ఒక్క ట్రిప్పుని పడవ చెడిపోతుందేమోనని ఉంచుకుందామా, ఇంకేదానికైనా వాడదామా అన్నది. మూడో నిమిషంలో ఈ లెక్క బల్ల మీద పెట్టిన పిల్ల తర్వాత పెద్దగా మాట్లాడకపోయినా కాగితం మీద ఆ పిల్ల పేరిట ఒక లైను పడిపోయింది. మిగతా ఐదుగురూ ఆ లెక్క పట్టుకునే మాట్లాడారు మరి.

అందుకని వరుస ఇది. మొదటి రెండు నిమిషాలు చదవండి, అంకెలున్నచోట చుట్టండి. లెక్క ఉంటే వేయండి. మొదట మాట్లాడాలన్న ఆత్రం వద్దు, కానీ మొదటి మూడు నాలుగు నిమిషాల్లో ఒక్కసారైనా నోరు విప్పండి. ఆలస్యమయ్యేకొద్దీ విప్పడం కష్టమవుతుంది. తర్వాత ఒకరు అన్నదాన్ని పేరుతో పట్టుకోండి: "సుబ్బుగారు చెప్పిన వరుస బాగుంది, దానికి ఇది కలుపుదాం." కాదనాల్సి వస్తే మనిషిని వదిలి అంకెని పట్టుకోండి: "ఆ లెక్కన 14 ట్రిప్పులవుతాయి, మనకి 12 ఉన్నాయి కదండీ." ఒక మనిషి నోరు విప్పకుండా ఉంటే "మీరేమంటారండీ" అని ఒక్కసారి అడగండి. నటనగా మూడుసార్లు అడగొద్దు, చూసేవాళ్లకి తెలిసిపోతుంది. చివరి మూడు నిమిషాల్లో ఎవరూ నిర్ణయం వైపు లాగకపోతే మీరు లాగండి.

జాగ్రత్తలు రెండు, మన ప్రాంతానికి ప్రత్యేకం. ఒకటి వెటకారం. మనకది ఊపిరి లాంటిది, అవతలివాడి మాట మీద చిన్న చురక వేయకుండా ఉండలేం. మన ఊరి అరుగు మీద అందరూ నవ్వుతారు. అక్కడ నాగ్‌పూర్ నుంచి వచ్చిన కుర్రాడి మొహం ముడుచుకుపోతుంది, కాగితం మీద "తోటివారిని చులకన చేశాడు" అని పడుతుంది. రెండోది మొహమాటం: తప్పని తెలిసీ "సర్లెండి, అలాగే కానివ్వండి" అనేయడం. (మూడోది "ఆయ్". మీ ఇష్టం. నేనైతే ఆయ్ అన్నవాళ్లకి మార్కులు తగ్గించలేదు.)

అభ్యర్థిగా వెళ్లి బోల్తా కొట్టానన్నాను కదా, ఆ సంగతి ఇది. మొదటిసారి నేను గ్రూప్‌లో "టైమ్ నేను చూస్తాను" అని ముందే పుచ్చేసుకున్నాను. ఎవరో చెప్పారు, అలా అంటే నాయకత్వం కింద వస్తుందని. ఇరవై నిమిషాలూ గడియారం చూస్తూ "ఇంకా పది ఉంది, ఇంకా ఐదు ఉంది" అన్నాను. అంతే అన్నాను. ఆ పని గోడ గడియారం కూడా చేస్తుంది.

అంశం ఇచ్చి మాట్లాడమంటే: మన దగ్గర సరుకుంది, వాడండి. వ్యవసాయం మీద వస్తే 2011 ఖరీఫ్‌లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించిన సంగతి, ధర గిట్టక, కూలి పెరిగి, మురుగు దిగక ఎలా అక్కడిదాకా వచ్చిందో చెప్పగలిగితే, "భారతదేశం వ్యవసాయిక దేశం" అని మొదలుపెట్టిన పదిమందిలో మీరు వేరుగా వినపడతారు. వరి చేలు రొయ్యల చెరువులవడం మీద వస్తే ఆదాయం ఒక పక్క, పక్క చేలోకి దిగే ఉప్పు, ఊరి మంచినీళ్లు ఇంకో పక్క. రెండూ మీరు కళ్లారా చూసినవే.

5. రాత పని: అన్నీ చదివాకే పెన్ను పెట్టండి

ఎక్కువమంది పోయేది ఇక్కడే. గ్రూప్‌లో పోయామని ఇంటికొచ్చి బాధపడతారు గానీ నేను చూసినంతలో సగం కాగితాలు పూర్తిగా నింపినవే కావు.

ఇన్‌-ట్రే అంటే ఒక ఉద్యోగి బల్ల మీద పోగుపడ్డ కాగితాల కట్ట. ఉదాహరణకి మీరు రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్‌లో షిఫ్ట్ ఇన్‌చార్జి. పొద్దున 9 అయింది. పది కాగితాలు, 45 నిమిషాలు. రెండో కాగితం: లైను మరమ్మతు, మధ్యాహ్నం 2 నుంచి 5 దాకా కరెంటు ఉండదు. నాలుగోది: ఎండీగారికి రేపటికి స్లయిడ్లు కావాలి. ఆరోది: ఇద్దరు వర్కర్లకి పెళ్లికి సెలవు. ఏడోది: రెండున్నరకి 4 టన్నుల సరుకు దిగుతోంది. తొమ్మిదోది, స్టోర్ నుంచి నలిగిపోయిన చీటీ: జనరేటర్ డీజిల్ అయిపోయింది.

ఒక్కో కాగితం వచ్చిన వరుసలో జవాబు రాసుకుంటూ పోయినవాళ్లు రెండోదానికి "జనరేటర్ వాడతాం" అని రాసేసి, తొమ్మిదోదాని దగ్గర తెల్లమొహం వేస్తారు. 2, 7, 9 ఒకే సమస్య. ఇలాంటి ముడి ఒకటి ప్రతి కట్టలోనూ దాస్తారు.

45 నిమిషాలకి నా పంపకం: 10 నిమిషాలు అన్నీ చదవడం, 5 నిమిషాలు ముడులు కలిపి వరుస వేయడం, 25 రాయడం, 5 సరిచూడడం. ప్రతి కాగితానికీ నాలుగింట్లో ఒకటి రాయండి: ఇప్పుడే నేను చేస్తాను, ఫలానావారికి అప్పగిస్తాను, రేపటికి, అక్కర్లేదు. పక్కన కారణం ఒక్క లైను. కారణం లేని వరుసకి మార్కులు రావు. అన్నీ "ఇప్పుడే నేను" అని రాస్తే అసలే రావు.

రిపోర్టు లేదా కేస్ స్టడీ అడిగితే మీ సలహా మొదటి పేరాలోనే చెప్పేయండి. తర్వాత రెండు మూడు కారణాలు, ఖర్చు, ఎక్కడ తేడా కొట్టవచ్చో ఒక మాట. మనం స్కూల్లో నేర్చిన పద్ధతి తిరగేసి ఉంటుంది: పరిచయం, ప్రాముఖ్యత, లాభాలు, నష్టాలు, చివర్న మెల్లగా అభిప్రాయం. అక్కడికొచ్చేసరికి గంట కొడతారు. ఇంకోటి, ఉత్తరం అనగానే "రెస్పెక్టెడ్ సర్, ఐ బెగ్ టు స్టేట్" అని చెయ్యి దానంతటదే పోతుంది. ఎనిమిదో తరగతి లీవ్ లెటర్‌ని కొనుగోలుదారుకి పంపకండి. సరుకు ఎందుకు ఆలస్యమైంది, ఎప్పుడు వస్తుంది, ఈలోగా మీరేం చేస్తున్నారు. మూడు వాక్యాలు చాలు.

ఇంగ్లిష్ భయమున్నవాళ్లకి: వాక్యం పొడుగు తగ్గించండి. పన్నెండు పదాలు దాటితే ముక్క చేయండి. తెలుగులో పెద్ద వాక్యం అనుకుని దాన్ని మార్చబోతేనే తప్పులొస్తాయి. సరిచూసే ఐదు నిమిషాల్లో అన్నీ చూడకండి. క్రియలు, అంకెలు, పేర్లు మాత్రం చూడండి.

6. మూడు సంఘటనలు సిద్ధం చేసుకోండి

సాయంత్రం ముఖాముఖిలో "ఎప్పుడైనా ఒత్తిడిలో నిర్ణయం తీసుకున్నారా", "ఎవరితోనైనా అభిప్రాయభేదం వచ్చిందా" అని అడుగుతారు. మీ బతుకులోంచి మూడు సంఘటనలు తీసి, ఒక్కోటి రెండు నిమిషాల్లో చెప్పగలిగేలా చేసుకోండి: ఏం జరిగింది, నేనేం చేశాను, ఏమైంది.

ఇక్కడ మనవాళ్ల తప్పు "మేము". భీమవరం పక్క కుర్రాడొకడు సాధనలో చెప్పాడు: "రాత్రిపూట చెరువు దగ్గర కరెంటు పోయిందండి, రొయ్య పైకి తేలిపోతోంది, మా నాన్నగారూ మేమూ చూసుకున్నామండి." ఎవరు ఏం చూసుకున్నారు? నాలుగుసార్లు గుచ్చి అడిగితే బయటికొచ్చింది. రాత్రి రెండింటికి జనరేటర్ అందుకోలేదు. వాళ్ల నాన్న నిద్రలేచేలోపే ఇతను పక్క చెరువాయన్ని లేపి, ఆయన జనరేటర్ నుంచి కేబుల్ లాగి చెరువు నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు రెండు తిప్పించాడు. అంత పని చేసి "మేమూ చూసుకున్నామండి" అంటే గడిలో ఏం రాయాలి? ఇలాంటప్పుడు "నేను" అంటే గొప్పలు పోవడం కాదు. నాన్న చేసింది నాన్న చేశారని, మీరు చేసింది మీరు చేశారని విడదీసి చెప్పండి.

గ్రూప్‌లో జరిగినదాని మీద కూడా అడగవచ్చు: "మీ గ్రూప్ నిర్ణయం మీకు నచ్చిందా?" నచ్చకపోతే నచ్చలేదనండి, ఎందుకో చెప్పండి, అక్కడే ఆ మాట ఎందుకు అనలేకపోయారో కూడా.

7. సిద్ధమయ్యామో లేదో ఇలా చూసుకోండి

రెండో ఆదివారం సాధన రికార్డింగ్ పెట్టుకుని లెక్కపెట్టండి. ఇరవై నిమిషాల్లో మీరు నాలుగు నుంచి ఏడుసార్లు మాట్లాడి ఉండాలి. ఒక్కోసారి అరనిమిషం దాటకూడదు. అన్నిటికన్నా ముఖ్యం, మీరన్న మాటని వేరొకరు కనీసం రెండుసార్లు ఎత్తుకున్నారా? లేదంటే మీరు మాట్లాడారు గానీ ఎవరూ వినలేదన్నమాట. ఇవి నా కొలతలు, ఏ కంపెనీ నిబంధనా కాదు. కానీ ఇవి దాటినవాళ్లు అక్కడికెళ్లి తేలిపోవడం నేను పెద్దగా చూడలేదు.

రాత పనికి: మీ కాగితాన్ని సంగతి తెలియని మనిషికి ఇవ్వండి, ఒక్క నిమిషం చదవనిచ్చి లాగేసుకోండి. "ఏం చేయమంటున్నాను?" అని అడగండి. చెప్పలేకపోతే మీ సలహా ఎక్కడో కింద పూడిపోయింది. తీసి పైన పెట్టండి.

సంఘటనలకి: ఫోన్‌లో రికార్డు చేసి "నేను" ఎన్నిసార్లు, "మేము" ఎన్నిసార్లు వచ్చిందో చూడండి.

8. ఆ రోజు

టిఫిన్‌కి పెసరట్టు ఉప్మా వద్దు. రెండు ఇడ్లీ తిని వెళ్లండి. మధ్యాహ్నం వాళ్లు పెట్టే బిర్యానీ కూడా సగమే. రెండున్నరకి పెట్టే రాత పనిలో తూలేవాళ్లని గోడ పక్క కుర్చీలోంచి వేలితో లెక్కపెట్టవచ్చు. బస్సులో చెమటకి తడిసిన చొక్కా లోపలికి వెళ్లేముందే మార్చేయండి.

భోజనాల దగ్గర మార్కులు వేస్తారా అని అడుగుతారు. మేమైతే వేయలేదు. అలాగని అక్కడ కూర్చుని ఫలానావాడు పొద్దున ఎంత చెత్తగా మాట్లాడాడో చెప్పుకోకండి, వడ్డించేవాడి వెనక నిలబడ్డ మనిషి ఎవరో మీకు తెలియదు.

ఒక భాగం పాడైతే అక్కడికి దాన్ని వదిలేయండి. ఒక్కో భాగాన్ని సాధారణంగా వేరే మనిషి చూస్తాడు, పొద్దున మీరు తడబడ్డ సంగతి మధ్యాహ్నం మిమ్మల్ని చూసే మనిషికి తెలిసి ఉండదు. దాన్ని మొహం మీద మోసుకెళ్లి మీరే చెప్పకండి.

ఆన్‌లైన్‌లో పెడితే: ఇంట్లో కరెంటు, నెట్ రెండూ నమ్మకండి. ఇన్వర్టర్ ఉన్న ఇల్లు చూసుకోండి, ఫోన్ హాట్‌స్పాట్ సిద్ధంగా ఉంచండి. గ్రూప్‌లో ఇద్దరు ఒకేసారి మొదలెడితే "మీరు చెప్పండి, తర్వాత నేను" అని ఆగండి. ఆ తర్వాత నిజంగానే మీ మాట చెప్పండి, మర్చిపోకండి.

9. తిరుగు ప్రయాణంలో

బండెక్కగానే, నిద్రపోకముందే నోట్‌బుక్ తీయండి. గ్రూప్‌లో ఇచ్చిన సమస్య, రాతలో ఎన్ని కాగితాలు, ఎన్ని నిమిషాలు, మీరు ఎక్కడ ఆగిపోయారు, ముఖాముఖిలో ఏ ప్రశ్నకి గొంతు ఆరిపోయింది. ప్రశ్నలు బయటపెట్టనని సంతకం పెట్టించుకుని ఉంటే అది మీ కోసం మాత్రమే ఉంచుకోండి, వాట్సాప్ గ్రూపులో పెట్టకండి. రాలేదని మెయిల్ వస్తే ఏ భాగంలో తగ్గిందో చెప్పగలరా అని మర్యాదగా అడగండి. పదిమందికి ఇద్దరో ముగ్గురో జవాబిస్తారు. మా కుర్రాడొకడికి ఒకే లైను వచ్చింది: "రాత పని అసంపూర్ణం." ఆ నెలంతా గ్రూప్ సాధన మానేసి 45 నిమిషాల గడియారం ముందు కూర్చున్నాడు.